ఇంటర్‌లో లెక్కలు ఉంటే చాలు: పట్టణ ప్రణాళిక చదువు ఎక్కడ, ఎలా? ఆదోని, ఎమ్మిగనూరు కుటుంబాల కోసం వివరాలు

అమెరికాలో ఎడారి మధ్య ఉన్న ఫీనిక్స్ నగరం జనాభా 1950లో 1 లక్షా 7 వేల లోపే. 2011 లెక్కల ప్రకారం మన ఆదోని జనాభా సుమారు 1 లక్షా 66 వేలు, ఎమ్మిగనూరు సుమారు 95 వేలు. అంటే డెబ్బై ఏళ్ల కిందటి ఫీనిక్స్ మన ఆదోని కంటే చిన్న ఊరు. అదే ఫీనిక్స్ 2020 నాటికి 16 లక్షలు దాటింది. అమెరికాలో ఐదో పెద్ద నగరం అయింది. వానలు సరిగా పడని చోట, ఎండలు మండే చోట, నీళ్లు వందల కిలోమీటర్ల దూరం నుంచి కాలువలో తెచ్చుకునే చోట ఇంత ఊరు పెరిగింది.

ఊరు దానంతట అదే పెరుగుతుంది. కానీ రోడ్డు ఎటు పోవాలి, నీళ్లు ఎవరికి ఎంత రావాలి, ఇళ్లు ఎక్కడ, ఫ్యాక్టరీ ఎక్కడ, బడి ఎక్కడ, ఖబరస్తాన్‌కు స్థలం ఎక్కడ అన్నవి ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. ఆ పనికి ఒక చదువు ఉంది. దాన్నే అర్బన్ ప్లానింగ్, టౌన్ ప్లానింగ్, తెలుగులో పట్టణ ప్రణాళిక అంటారు. మన ఇళ్లలో ఈ చదువు గురించి మాట్లాడుకోవడం చాలా తక్కువ.

నా సంగతే చెప్తాను. ఇంటర్‌లో నాది ఎంఈసీ. తర్వాత బీకాం చేశాను. ప్లానింగ్ డిగ్రీకి ఇంటర్‌లో లెక్కలు ఉంటే చాలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ అక్కర్లేదు అన్న మాట కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు. బీకాం అయిపోయి, రిపోర్టర్‌గా ఒక మాస్టర్ ప్లాన్ వార్త రాస్తున్నప్పుడు తెలిసింది. ఇంట్లో చెప్తే మా చిచ్చా, "ప్లానింగ్ అంటే ఇంటి ప్లాను గీసేదే కదరా, అది ఇంజనీరు పని" అన్నారు. ఇంటి ప్లానుకూ ఊరి ప్లానుకూ తేడా తెలియకపోవడం వల్లే మన పిల్లలు ఈ దారి చూడటం లేదు. అందుకే ఈ వివరాలు.

ప్లానర్ అసలు ఏం చేస్తారు?

ఇల్లు గీసేది ఆర్కిటెక్ట్. ఇల్లు నిలబడేలా చూసేది సివిల్ ఇంజనీర్. ఆ ఇల్లు ఏ వీధిలో, ఆ వీధి ఎంత వెడల్పులో, ఆ వీధికి నీళ్లు, మురుగు కాలువ, బస్సు, బడి ఎలా అందాలో చూసేది ప్లానర్. ఊరంతా సర్వే చేస్తారు, మ్యాపులు తయారు చేస్తారు, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత జనాభా ఎంత ఉంటుందో లెక్క వేస్తారు. దాన్ని బట్టి ఊరికి మాస్టర్ ప్లాన్ రాస్తారు. ఏ భూమి నివాసానికి, ఏది వ్యాపారానికి, ఏది పరిశ్రమకు, ఏది పార్కుకు అని అందులో రంగులతో చూపిస్తారు.

ఈ కాగితం మన జీవితంలోకి ఎప్పుడు వస్తుందంటే, ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్‌కు వెళ్లినప్పుడు. "మీ స్థలంలోంచి మాస్టర్ ప్లాన్ రోడ్డు పోతుంది" అని చెప్తారు. లేదంటే గల్ఫ్‌లో పదేళ్లు కష్టపడి పంపిన డబ్బుతో కొన్న ప్లాటు అనుమతి లేని వెంచర్‌లో ఉందని తేలినప్పుడు. ఆంధ్రప్రదేశ్ లేఅవుట్ నిబంధనల ప్రకారం లేఅవుట్ వేసేవారు కనీసం 10 శాతం స్థలం పార్కులకు, ఆటస్థలాలకు ఖాళీగా వదలాలి. రోడ్ల వెడల్పు నిబంధన ప్రకారం ఉండాలి. ఇవి లేని చోట ప్లాటు చవగ్గా దొరుకుతుంది, తర్వాత ఇంటి పర్మిషన్‌కు, బ్యాంకు లోనుకు తిరగాల్సి వస్తుంది. ఇంట్లో ఈ చదువు చదివినవాళ్లు ఒక్కరుంటే కొనేముందే చెప్పగలరు.

మరో ముఖ్యమైన విషయం. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు తీసుకుంటారు. మసీదు, ఈద్గా, ఖబరస్తాన్, వక్ఫ్ భూమి మ్యాపులో సరిగా చూపించారా లేదా అన్నది ఆ గడువులోనే చూసుకోవాలి. గడువు అయ్యాక వీధిలో నిలబడి బాధపడితే లాభం లేదు. మ్యాపు చదవడం వచ్చినవాళ్లు మొహల్లాకు ఒక్కరున్నా అభ్యంతరం కాగితం మీద, సర్వే నంబర్‌తో సహా వెళ్తుంది.

మన దగ్గర ఈ పని పాతదే

ఆదోని మున్సిపాలిటీ 1865 నాటిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో, మద్రాసు పాలన కింద ఉండేది. పట్టణ ప్రణాళికకు పితామహుల్లో ఒకరని చెప్పే స్కాట్లాండ్‌వాసి పాట్రిక్ గెడ్డెస్ 1914, 1915 ప్రాంతంలో మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలు తిరిగి నివేదికలు రాశారు. వాటిలో బళ్లారి కూడా ఉంది. పాత వీధులను మొత్తం కూలగొట్టి వెడల్పు రోడ్లు వేయడం కంటే, ఇరుకైన చోట అవసరమైనంత మాత్రమే తీసి, బావులు, చెట్లు, ఇళ్లు కాపాడాలని ఆయన చెప్పేవారు. 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ పట్టణ ప్రణాళికకు మూలం ఆ 1920 చట్టమే.

హైదరాబాద్‌లో 1908 మూసీ వరద తర్వాత ఊరిని కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. వరద ఆపడానికీ తాగునీటికీ ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. రవీంద్రభారతి కట్టడానికి డిజైన్ ఇచ్చిన మహమ్మద్ ఫయాజుద్దీన్ హైదరాబాద్‌లో టౌన్ ప్లానర్‌గా కూడా పనిచేశారు. కాబట్టి ఈ రంగం మనకు కొత్తదేమీ కాదు, మధ్యలో మనమే మర్చిపోయాం.

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు ఇవ్వదగిన 18 పనుల జాబితా పెట్టింది. అందులో మొట్టమొదటి పని పట్టణ ప్రణాళిక. 2015లో మొదలైన అమృత్ పథకం కింద లక్ష జనాభా దాటిన ఊళ్లకు జీఐఎస్ మ్యాపులతో మాస్టర్ ప్లాన్లు చేయాలన్నారు. పని ఉంది. చేసే చేతులే కావాలి.

ఆదోని, ఎమ్మిగనూరు ఏం నేర్పుతాయి?

ఈ కోర్సులో స్టూడియో అని ఒక సబ్జెక్టు ఉంటుంది. విద్యార్థులు ఒక నిజమైన ఊరిని తీసుకుని, వీధి వీధి తిరిగి సర్వే చేసి, దానికి ప్లాన్ వేయాలి. మన రెండు ఊళ్లూ అలాంటి పాఠాలే.

ఆదోని తాగునీళ్లు తుంగభద్ర నుంచి వస్తాయి. డ్యామ్ నుంచి దిగువ కాలువ, అంటే ఎల్లెల్సీ, కర్ణాటక మీదుగా వచ్చి బసాపురం సమ్మర్ స్టోరేజీ ట్యాంకును నింపుతుంది. అక్కడి నుంచి ఊరికి. కాలువ బంద్ అయితే ట్యాంకే దిక్కు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడ ఇంటింటా అదే మాట. ఎక్కడో హొసపేట దగ్గర ఒక గేటు పోతే మన కుళాయికి ఏమవుతుందన్న ప్రశ్నే ప్లానింగ్ ప్రశ్న. ఎన్ని నెలలకు నీళ్లు దాచాలి, ఊరు పెరిగితే ఎంత పెద్ద ట్యాంకు కావాలి, చివరి వార్డుకు ఒత్తిడి ఎందుకు తగ్గుతోంది, ఇవన్నీ లెక్క వేసి చెప్పే విషయాలు.

వరద కూడా మర్చిపోకూడదు. నీళ్లు లేవని ఏడ్చే ఈ జిల్లాలోనే 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగాయి. కరువు ప్రాంతంలో వాగు దారి ఎండిపోయి కనిపిస్తుంది కాబట్టి దాన్లోనే ఇళ్లు కట్టేస్తారు. వాగు ఎప్పుడో ఒకసారి తన దారి అడుగుతుంది.

ఎమ్మిగనూరుది ఇంకో పాఠం. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘంతో ఆ ఊరికి పేరు వచ్చింది. ఆయనకు 1954లో పద్మశ్రీ ఇచ్చారు. నేతగాడి ఇంట్లో మగ్గం గుంత ఉంటుంది. ఇల్లే పని చేసే చోటు. నివాసం వేరు, పని వేరు అని మ్యాపులో రెండు రంగులు వేసే ప్లానర్‌కు మగ్గం సంగతి తెలియకపోతే, రెండు గదుల ఇల్లు కట్టించి ఇస్తాడు, మగ్గం పెట్టే చోటు ఉండదు. ఆదోనిలో పత్తి మార్కెట్ ఉంది. సీజన్‌లో లారీలు, బండ్లు, హమాలీలు అంతా ఒకేసారి వస్తారు. "రెండో ముంబై" అని పేరు పడ్డ ఊళ్లో రోడ్డు అప్పటి రద్దీకి సరిపోతుందా లేదా అన్నది ఇంకో లెక్క.

పంట పోయిన ఏడాది ఈ పల్లెల నుంచి సుగ్గికని గుంటూరు వైపు, పనికని బెంగళూరు, హైదరాబాద్ వైపు కుటుంబాలే వెళ్లిపోతాయి. ఆరు నెలలు ఖాళీగా ఉండే ఊరికి ఎలా ప్లాన్ వేయాలో ఢిల్లీలో పుట్టినవాళ్లకంటే కోసిగిలో పుట్టిన పిల్లకు బాగా తెలుసు. ఆ తెలివికి ఒక డిగ్రీ తోడైతే చాలు.

ఇంటర్ తర్వాత ఎలా చేరాలి?

బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్, అంటే బీ.ప్లాన్. నాలుగేళ్ల కోర్సు. జాతీయ సంస్థల్లో చేరాలంటే జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బీ రాయాలి. బీటెక్‌కు రాసేది పేపర్ 1, ఆర్కిటెక్చర్‌కు 2ఏ, ప్లానింగ్‌కు 2బీ. అప్లికేషన్‌లోనే ఈ పేపర్‌కు టిక్ పెట్టాలి. చాలామంది అక్కడే పొరపాటు చేస్తారు.

పరీక్షలో మూడు భాగాలు ఉంటాయి. లెక్కలు 25 ప్రశ్నలు, ఆప్టిట్యూడ్ 50, ప్లానింగ్ సంబంధ ప్రశ్నలు 25. మొత్తం 100 ప్రశ్నలు, 400 మార్కులు, మూడు గంటలు. సరైన జవాబుకు 4, తప్పుకు 1 పోతుంది. డ్రాయింగ్ లేదు, అది ఆర్కిటెక్చర్ పేపర్‌లో మాత్రమే. ప్లానింగ్ భాగంలో ప్రభుత్వ పథకాలు, అభివృద్ధి విషయాలు, పదో తరగతి సోషల్ స్థాయి ప్రశ్నలు వస్తాయి. రోజూ పేపర్ చదివే పిల్లలకు ఇది కష్టం కాదు.

అర్హత విషయం జాగ్రత్తగా చదవండి. ఇంటర్‌లో మ్యాథమేటిక్స్ ఉండాలి. ఎంపీసీ సరే, ఎంఈసీ కూడా సరే. సీఈసీ, హెచ్ఈసీ, బైపీసీ వాళ్లకు లెక్కలు లేకపోతే కుదరదు. కనీస మార్కుల శాతం ఎంత అన్నది సంస్థను బట్టి మారుతుంది, ఆ ఏడాది బులెటిన్‌లో చూసుకోవాలి.

ఇంకో మాట. ఈ పరీక్ష 13 భాషల్లో ఉంటుంది. వాటిలో తెలుగూ ఉంది, ఉర్దూ కూడా ఉంది. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలు భయపడాల్సిన పని లేదు. అయితే కాలేజీలో పాఠాలు ఇంగ్లీషులోనే జరుగుతాయి కాబట్టి ఆ సిద్ధం ఇంటర్‌లోనే మొదలుపెట్టాలి.

పరీక్ష జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది. ర్యాంకు వచ్చాక జోసా కౌన్సెలింగ్‌లో సీట్లు ఇస్తారు.

ఏ కాలేజీలు?

మనకు దగ్గరలో మొదట చెప్పాల్సింది విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్. కేంద్ర ప్రభుత్వం 2008లో పెట్టింది. ఢిల్లీ, భోపాల్‌లలోనూ ఇలాంటి స్కూళ్లు ఉన్నాయి. ఈ మూడింటికీ జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థలుగా పార్లమెంటు చట్టం హోదా ఇచ్చింది. విజయవాడలో బీ.ప్లాన్, ఎం.ప్లాన్ రెండూ ఉన్నాయి.

హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో కూడా ప్లానింగ్ చెప్తారు. భోపాల్ మౌలానా ఆజాద్ ఎన్ఐటీలో బీ.ప్లాన్ ఉంది. అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ ఈ రంగంలో పాత పేరు, అది ప్రైవేటు కాబట్టి ఫీజు చూసుకోవాలి. ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాలో ఆర్కిటెక్చర్ అండ్ ఎకిస్టిక్స్ ఫ్యాకల్టీ ఉంది. ఎకిస్టిక్స్ అంటే మనుషుల నివాసాల శాస్త్రం. ఆ మాట పుట్టించింది గ్రీకు ప్లానర్ డాక్సియాడిస్. రియాద్ నగరానికి మొదటి మాస్టర్ ప్లాన్ వేసింది కూడా ఆయన సంస్థే.

ఏ కాలేజీలో చేరినా, ఆ కోర్సుకు గుర్తింపు ఉందా అని ముందే అడగాలి. "ప్లానింగ్" అని పేరులో ఉన్న ప్రతి కోర్సూ బీ.ప్లాన్ కాదు.

రిజర్వేషన్ విషయంలో పొరపాటు వద్దు

మన రాష్ట్రంలో ముస్లింలలో కొన్ని వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం ఉంది. కానీ అది రాష్ట్రం ఇచ్చేది. విజయవాడ ఎస్పీఏ కేంద్ర సంస్థ. అక్కడ కేంద్ర ఓబీసీ జాబితానే చూస్తారు. దూదేకుల, నూర్‌బాషా వర్గం ఆ జాబితాలో ఉంది. రాష్ట్రంలో బీసీ-ఈలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్టు కాదు. అప్లికేషన్‌లో తప్పు కేటగిరీ పెట్టి, కౌన్సెలింగ్ రోజున సర్టిఫికెట్ చూపించలేక సీటు పోగొట్టుకోవద్దు. కేంద్ర జాబితాలో మీ వర్గం పేరు లేకపోతే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి ఆస్తి షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. దానికి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడానికి టైమ్ పడుతుంది. ఫలితాలు వచ్చేదాకా ఆగొద్దు.

తండ్రి గల్ఫ్‌లో పనిచేస్తుంటే మరో దారి ఉంది. కేంద్ర సంస్థల్లో దాసా అడ్మిషన్లలో గల్ఫ్ కార్మికుల పిల్లల కోసం సీఐడబ్ల్యూజీ అని ఒక కోటా ఉంది. ఏ కాగితాలు కావాలో ఆ ఏడాది బులెటిన్‌లో ఉంటుంది.

డిగ్రీ అయిపోయినవాళ్లకు?

ఎం.ప్లాన్ రెండేళ్లు. బీ.ప్లాన్, బీ.ఆర్క్, సివిల్ బీటెక్ చేసినవాళ్లు చేరవచ్చు. ఎక్కువ చోట్ల గేట్ స్కోరు అడుగుతారు, అందులో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ అని ప్రత్యేక పేపర్ ఉంది. ఢిల్లీ ఎస్పీఏ లాంటి చోట కొన్ని స్పెషలైజేషన్లకు ఎకనామిక్స్, జాగ్రఫీ, సోషియాలజీ పీజీ చేసినవాళ్లను కూడా తీసుకుంటారు. అంటే బీకాం తర్వాత ఎంఏ ఎకనామిక్స్ చేసినవాళ్లకు తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఊరి ప్లాన్‌లో సగం డబ్బు లెక్కే. ఇంటి పన్ను, భూమి విలువ, నీటి చార్జీ, అప్పు ఎలా తీరుతుంది అన్నవి కామర్స్ వాళ్లకు తెలిసిన విషయాలే.

బయటి దేశాల్లో: ఎడారి ఊళ్లలో చదువు

ఫీనిక్స్ పక్కనే టెంపీలో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఉంది. అక్కడ అర్బన్ ప్లానింగ్‌లో డిగ్రీ, పీజీ రెండూ ఉన్నాయి. ఆ ఊరే వాళ్లకు ల్యాబ్. ఏడాదికి సగటున 20 సెంటీమీటర్ల వాన కూడా పడని చోటు. కొలరాడో నది నుంచి సుమారు 540 కిలోమీటర్ల కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. 1973లో మొదలైన ఆ పని పూర్తవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ నదిని ఏడు రాష్ట్రాలు పంచుకుంటాయి. మన తుంగభద్ర పంచాయితీ తెలిసినవాళ్లకు ఆ తగాదా కొత్తగా అనిపించదు.

1980లో ఆరిజోనా భూగర్భ జలాల చట్టం తెచ్చింది. ఫీనిక్స్ లాంటి ప్రాంతాల్లో కొత్త లేఅవుట్ వేసి అమ్మాలంటే వందేళ్లకు సరిపడా నీళ్లు ఉన్నాయని చూపించాలి. 2023లో భూగర్భ నీళ్లు సరిపోవని తేలి, ఫీనిక్స్ చుట్టూ కేవలం బోర్ల నీటి మీద ఆధారపడే కొత్త లేఅవుట్లకు అనుమతులు ఆపారు. మన దగ్గర వెంచర్ బ్రోచర్‌లో గేటు బొమ్మ ఉంటుంది, నీళ్ల లెక్క ఉండదు. ఆ తేడా చదివి వచ్చినవాళ్లు ఇక్కడ చెప్పాలి.

ఎండ కూడా ప్లానింగే. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ నమోదైంది. ఆ నగరం 2021లోనే ఎండ తట్టుకునే పనులకు ప్రత్యేక ఆఫీసు పెట్టింది. నడిచే దారిలో నీడ, చెట్లు, వేడి తక్కువ పీల్చే రోడ్డు పూత, ఇలాంటివి అక్కడ సబ్జెక్టులు. ఆదోని బస్టాండులో మే నెలలో నిలబడ్డ ఎవరికైనా ఇది అర్థమవుతుంది.

ఫీనిక్స్ నుంచి అన్నీ నేర్చుకోవాలనీ లేదు. కారు లేకపోతే కదల్లేనంత దూరం దూరంగా ఆ ఊరు పరుచుకుంది. మన పాత మొహల్లాల్లో ఇరుకు సందులకు నీడ ఉంది, నడిచి పోయేంత దూరంలో మసీదు, బజారు, బడి ఉన్నాయి. వాటిని పోగొట్టుకుని కారు ఊరు కట్టుకోవడం తెలివి కాదు.

గల్ఫ్ వైపు చూస్తే రియాద్‌లో కింగ్ సౌద్ యూనివర్సిటీకి, దమ్మామ్‌లో ఇమామ్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఫైసల్ యూనివర్సిటీకి ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ కాలేజీలు ఉన్నాయి. రియాద్ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, తీరంలోని జుబైల్‌లో ఉప్పునీటిని మంచినీరు చేసి పైపుల్లో తెచ్చుకుంటుంది. 2024 డిసెంబరులో అక్కడ మెట్రో మొదలైంది. అయితే ఏ కోర్సు ఏ భాషలో చెప్తారో, విదేశీ విద్యార్థులకు ఏ షరతులో ముందే రాసి అడగాలి. విదేశీ చదువుకు ప్రభుత్వ సాయం పథకాల పేర్లు, షరతులు ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతూ వచ్చాయి. ఆ డబ్బు వస్తుందని నమ్మి అప్పు చేయొద్దు, మంజూరు కాగితం చేతికి వచ్చాకే లెక్కలో వేసుకోండి.

ఉద్యోగాలు ఎలా ఉంటాయి?

ప్రభుత్వంలో టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖ, మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ విభాగం, అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీలు, అమరావతి కోసం 2014లో పెట్టిన సీఆర్‌డీఏ ఉన్నాయి. 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ అనే పోస్టు ఉంది. ప్రైవేటులో కన్సల్టెన్సీలు, జీఐఎస్ మ్యాపింగ్ కంపెనీలు, రవాణా సర్వే చేసే సంస్థలు తీసుకుంటాయి.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. సాఫ్ట్‌వేర్ లాగా క్యాంపస్ నుంచి మొదటి రోజే పెద్ద జీతం అనుకోవద్దు. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు. కొన్ని పోస్టులకు సివిల్ మాత్రమే అడుగుతారు, బీ.ప్లాన్ సరిపోతుందా అని ప్రతి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. జీఐఎస్ సాఫ్ట్‌వేర్ బాగా వచ్చినవాళ్లకు మాత్రం పని దొరకడం తేలిక.

ఆడపిల్లల విషయం కూడా అడుగుతారు. ఇందులో ఆఫీసు పని ఉంది, సర్వే పని ఉంది. నీళ్లు పట్టేది, పిల్లల్ని బడికి తీసుకెళ్లేది ఇంట్లో ఎక్కువగా ఆడవాళ్లే. కుళాయి ఏ టైముకు వస్తే ఇబ్బందో వాళ్లు చెప్పినంత వివరంగా మగ సర్వేయర్‌కు ఎవరూ చెప్పరు. ఇంటి లోపలికి వెళ్లి అమ్మీలతో కూర్చుని అడగగలిగే అమ్మాయి సర్వేకు ఎంత పనికొస్తుందో ఆలోచించండి.

ఇప్పుడు ఏం చేయాలి?

పదో తరగతిలో ఉంటే: ఇంటర్‌లో లెక్కలు వదలొద్దు. కామర్స్ ఇష్టమైతే సీఈసీ బదులు ఎంఈసీ తీసుకోండి. ఈ ఒక్క అక్షరం తేడా నాలుగేళ్ల తర్వాత తెలుస్తుంది.

ఇంటర్ రెండో ఏడాదిలో ఉంటే: జేఈఈ మెయిన్ ప్రకటన కోసం అక్టోబరు నుంచే చూడండి, పేపర్ 2బీకి టిక్ పెట్టండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకోండి. ఆధార్, పదో తరగతి మెమోలో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో చూడండి. షేక్, సయ్యద్, మహమ్మద్ అన్నవి ఒక్కో కాగితంలో ఒక్కోలా రాసి ఉండటం మన ఇళ్లలో మామూలే, కౌన్సెలింగ్‌లో అదే పెద్ద తలనొప్పి.

డిగ్రీలో ఉంటే: ఎకనామిక్స్ లేదా జాగ్రఫీ పీజీ దారి ఆలోచించండి. క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఒకసారి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి మీ వార్డు ఉన్న మాస్టర్ ప్లాన్ మ్యాపు చూపించమని అడగండి. మీ అబ్బాయినో అమ్మాయినో వెంట తీసుకెళ్లండి. మీ ఇల్లు, మీ వీధి, మీ ఖబరస్తాన్ ఆ మ్యాపులో ఏ రంగులో ఉన్నాయో వాళ్లను వెతకమనండి. ఆ పని పిల్లకు నచ్చితే, ఈ చదువు సంగతి ఆ రోజు సాయంత్రమే ఇంట్లో మాట్లాడుకోండి. నాకు ఎవరైనా అలా చూపించి ఉంటే బాగుండేది.